ఫిల్టరు డబ్బా పీకేస్తే బండికి ఊపిరాడుతుందా? లెవెల్ పైపు చెప్పే లెక్క

తాపీమేస్త్రులు మట్టం చూసుకోవడానికి వాడే లెవెల్ పైపు రెండు మీటర్లు కొనుక్కుంటే చాలు. బండికి కంపెనీ ఎయిర్ ఫిల్టరే ఉంచాలా, డబ్బా పీకేసి దాని బదులు నేరుగా తగిలించే శంఖు ఆకారపు కోన్ ఫిల్టరు బిగించాలా అన్న తగువు సగం అక్కడే తీరిపోతుంది. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల అయినా, విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గరైనా, షెడ్డులో పికప్ లేదని బండి పెడితే వినబడే మాట ఇదే: "ఏటి బావూ, దీనికి ఊపిరాడట్లేదు, ఆ డబ్బా తీసేసి కోన్ ఫిల్టరు ఎట్టేద్దుమా?" కంపెనీవాడు ఇంజన్ గొంతు నొక్కి అమ్మాడు, మనం వదిలించేస్తే లోపల దాగిన పవర్ బయటికొస్తుందన్నది ఆ మాట వెనకున్న నమ్మకం. గొంతు ఎంత నొక్కాడో కొలిచి చూసినవాళ్లు మాత్రం తక్కువ.

కొలవడం కష్టమేమీ కాదు. ఎయిర్‌బాక్స్ అంటే ఫిల్టరు ఉండే ఆ డబ్బాలో రెండు గదులుంటాయి. ఫిల్టరుకి ముందున్నది మురికి గది, వెనక కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) వైపు ఉన్నది శుభ్రమైన గది. చాలా బళ్లకి ఆ శుభ్రమైన గది నుంచి ఇంజన్ హెడ్డు వైపు ఒక సన్న రబ్బరు పైపు వెళ్తుంది. పొగలో మిగిలిన పెట్రోలు కాలడానికి సైలెన్సర్ దారిలోకి కొంచెం గాలి పంపే పైపు అది. దాన్ని డబ్బా దగ్గర ఊడదీసి, పైపు మూతిని బిరడాతో మూసి, డబ్బాకున్న నిపుల్‌కి లెవెల్ పైపు తొడగాలి. లెవెల్ పైపుని యూ ఆకారంలో వంచి అట్టకి టేపు వేసి, సగం దాకా రంగు నీళ్లు పోసి, రెండో కొస గాలికి వదిలేయాలి. ఒక్కో కాలు అర మీటరు ఎత్తుండాలి, లేకపోతే నీళ్లు ఇంజన్‌లోకి పోయే ప్రమాదం ఉంది. సింగిల్ సిలిండర్ ఇంజన్ గాలిని గుటకలు గుటకలుగా మింగుతుంది కనుక నీటి మట్టం గజగజలాడుతుంది. మధ్యలో సెలైన్ గొట్టం ముక్క అతికి, దానికుండే చక్రాన్ని దాదాపు మూసేదాకా తిప్పితే ఊపు చల్లారి సగటు కనబడుతుంది.

ఫోను ట్యాంకు మీద కదలకుండా కట్టి వీడియో పెట్టండి. ఖాళీగా ఉన్న మంచి తారు రోడ్డు మీద, మూడో గేరులో, ఫుల్ యాక్సిలరేటర్‌తో కొన్ని సెకన్లు లాగితే సరి. నీళ్ల వంక చూడటం ఇంటికొచ్చాకే, బండి మీద కాదు. రెండు కాళ్లలో నీళ్ల ఎత్తుకి మధ్య తేడా ఎన్ని మిల్లీమీటర్లో చదవాలి.

ఇప్పుడు లెక్క. మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనం నీళ్ల ఎత్తులో చెప్తే సుమారు 10,300 మిల్లీమీటర్లు. అంటే ఆ తేడా 100 మిల్లీమీటర్లు వస్తే, ఫిల్టరు, డబ్బా, గాలి లోపలికొచ్చే ముక్కు అన్నీ కలిసి ఆపుతున్నది 1 శాతం. మొత్తం పీకి పారేసినా ఈ లెక్కన దక్కేది అంతే. 14 హార్స్‌పవర్ బండికి అది 0.14 హార్స్‌పవర్. వెనక కూర్చున్న మనిషి దిగిపోతే తెలిసే తేడాలో ఇది ఏ మూలకీ రాదు. మార్పులేమీ చేయని బండికి 250, 300 వచ్చిందంటే ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు. దానికి మందు కొత్త ఫిల్టరు, మాడిఫికేషన్ కాదు. ఒకసారి ఫిల్టరు ఉంచి, ఒకసారి తీసి కొలిస్తే ఇంకో సంగతి బయటపడుతుంది: ఆ తేడాలో ఫిల్టరు వాటా ఎంత, ముక్కు వాటా ఎంత అన్నది. ముక్కు వాటాయే ఎక్కువగా ఉంటే వేల రూపాయల ఫిల్టరు కొని ప్రయోజనం లేదు.

150 సీసీ ఇంజన్ 8,000 ఆర్పీఎం దగ్గర నిమిషానికి 4,000 సార్లు గాలి పీలుస్తుంది. ప్రతిసారీ సిలిండర్ నిండా నిండినా 600 లీటర్లు, నిజానికి అంతకన్నా తక్కువే. కంపెనీ ఫిల్టరు మడతలు విప్పి పరిస్తే ఎంత కాగితం అవుతుందో చూసినవాళ్లకి తెలుస్తుంది, ఆ గాలికి ఆ కాగితం ఇరుకు కాదని.

మరి డబ్బా అంత పెద్దదెందుకు?

గాలి దాచడానికే అయితే అంత అక్కర్లేదు. వాల్వు తెరుచుకున్నప్పుడు లాగిన గాలి, మూసుకున్నప్పుడు గోడకి కొట్టిన బంతిలా వెనక్కి తిరుగుతుంది. ఆ వెనకడుగు అల మళ్లీ ముందుకొచ్చే సమయానికి వాల్వు తెరిచి ఉంటే కొంచెం ఎక్కువ గాలి సిలిండర్‌లోకి దూరుతుంది. డబ్బా ఘనపరిమాణం, దానికీ కార్బొరేటర్‌కీ మధ్యనున్న రబ్బరు మెడ పొడవు, ముక్కు పొడవు, ఈ మూడింటినీ కలిపి ఆ అల మనం రోజూ వాడే 3,000 నుంచి 6,000 ఆర్పీఎం మధ్య పనికొచ్చేలా కుదురుస్తారు. లెవెల్ పైపు సగటునే చూపిస్తుంది, ఈ అలల్ని చూపించదు. దాని హద్దు అది. మెడ కోసేసి కోన్ ఫిల్టరు నేరుగా తగిలిస్తే అల కుదురు చెడిపోతుంది. పైన ఎక్కడో ఒక చోట కొంచెం లాగినట్టుంటుంది, కింది ఆర్పీఎంలలో బండి ఉసూరుమంటుంది. ఇద్దరు మనుషులూ ఒక బియ్యం బస్తాతో సాలూరు ఘాట్ ఎక్కేటప్పుడు కావలసింది ఆ కింద ఉండే లాగుడే.

ఇంకొకటి చాలామంది కంట పడదు. సింగిల్ సిలిండర్ కార్బొరేటర్ బండికి ఫిల్టరు లేకుండా రేజింగ్ ఇచ్చి, టార్చి పక్కనుంచి వేసి కార్బొరేటర్ మూతి దగ్గర చూడండి. కళ్లు దూరంగా పెట్టుకోండి. కొన్ని ఆర్పీఎంల దగ్గర మూతి ముందు పెట్రోలు మంచులా తేలుతుంది. వెనక్కి తన్నిన గాలి మోసుకొచ్చిన పెట్రోలు అది. డబ్బా ఉంటే ఆ మంచు అందులోనే ఆగి తర్వాతి గుటకలో మళ్లీ లోపలికి పోతుంది. లేకపోతే మన పెట్రోలు గాల్లో కలిసిపోతుంది. కోన్ ఫిల్టరు పెట్టాక మైలేజీ ఎందుకు పడిపోయిందో తెలియక జెట్ల (కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే సన్న కన్నాల ముక్కలు) మీద నింద వేసేవాళ్లు ఒకసారి ఫిల్టరు లోపలి వైపు ముట్టుకుని చూస్తే మంచిది, పెట్రోలు తడి తగులుతుంది.

వేడి సంగతీ ఉంది. డబ్బా ముక్కు సాధారణంగా సీటు కింద, ఇంజన్‌కి దూరంగా ఉంటుంది. కోన్ ఫిల్టరు సిలిండర్ వెనకాలే కూర్చుంటుంది. మే నెల మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర నిలబడితే అక్కడి గాలి 60 డిగ్రీలకు చేరినా ఆశ్చర్యం లేదు. 35 డిగ్రీల గాలితో పోలిస్తే 60 డిగ్రీల గాలి 7 శాతం పైగా పలచన. లెవెల్ పైపులో చూసిన ఆ ఒక్క శాతాన్ని ఇది అక్కడికక్కడే మింగేస్తుంది. మరి కోన్ ఫిల్టరు పెట్టగానే బండి ఎగిరిపోతున్నట్టు ఎందుకనిపిస్తుందంటే, శబ్దం వల్ల. గాలి లాక్కునే చప్పుడుని డబ్బా నొక్కి పెడుతుంది. డబ్బా తీసేస్తే ఆ గుర్రుమనేది నేరుగా చెవిలో పడుతుంది. స్టాప్‌వాచ్‌తో 30 నుంచి 60 కిలోమీటర్ల వేగం దాకా ఒకే గేరులో ఎన్ని సెకన్లు పట్టిందో రెండు విధాలా చూసుకుంటే చెవి చేసిన మోసం తెలిసిపోతుంది.

కార్బొరేటర్ బళ్లు

పాత బుల్లెట్లు, పల్సర్లు, బీఎస్-6 (బళ్ల పొగకి ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) కు ముందు వచ్చిన చాలా బళ్లు ఈ కోవలోవి. వీటికి ఎక్కువ గాలి దొరికితే దానికి సరిపడా పెట్రోలు తనంతట తాను పెరగదు. మిశ్రమం పలచబడుతుంది: యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపలు, సమవేగంలో వెనకా ముందూ ఊగడం, ఇంజన్ వేడెక్కడం, ప్లగ్గు తెల్లబడటం. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ-20. మామూలు పెట్రోలు 1 కిలో పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ-20కి 13.5 చాలు. పాత పెట్రోలుకి అమర్చిన జెట్లతో ఈ-20 పోస్తే మిశ్రమం అప్పటికే సుమారు 7 శాతం పలచన. దాని మీద ఫిల్టరు కూడా వదులు చేస్తే పలచన మీద పలచన. పదేళ్ల కిందట ఎవరో స్నేహితుడి బండికి పనికొచ్చిన జెట్ సైజు నేడు మీ బండికి పనికి రాకపోవచ్చు.

స్లైడుని, అంటే గాలిదారిని తెరిచే లోపలి ముక్కని, ఇంజన్ లాగుడే పైకి ఎత్తే కార్బొరేటర్ల దగ్గర ఒక చిన్న ఉచ్చు ఉంది. కార్బొరేటర్ వెనక మూతి అంచు జాగ్రత్తగా చూస్తే సన్నటి కన్నాలు రెండు మూడు కనబడతాయి. ఒకటి డయాఫ్రమ్ (స్లైడుని ఎత్తే రబ్బరు పొర) కింద గదికి గాలిదారి, మిగతావి జెట్లకి గాలి ఇచ్చేవి. కోన్ ఫిల్టరు రబ్బరు పెదవి దళసరిగా ఉండి లోతుగా తోస్తే వీటిని మూసేస్తుంది. డయాఫ్రమ్ దారి మూసుకుపోతే స్లైడు సగంలో ఆగిపోతుంది, బండి 5,000 దాటదు. స్లో జెట్ గాలిదారి మూసుకుపోతే ఐడిలింగ్‌లో నల్లపొగ, పెట్రోలు వాసన. జెట్లు ఎన్ని మార్చినా తగ్గదు. పెదవిని ఆ కన్నాల దగ్గర బ్లేడుతో చెక్కితే తగ్గుతుంది.

జెట్టింగ్‌కి, అంటే జెట్లు కుదర్చడానికి, వరస ఉంది, అది తప్పితే రోజంతా తిప్పుతూనే ఉంటారు. ముందు మెయిన్ జెట్: ముప్పావు నుంచి ఫుల్ యాక్సిలరేటర్ దాని పరిధి. ఉన్నదానికన్నా ఒక సైజు పెద్దది వేసి, ఫుల్ యాక్సిలరేటర్‌లో మిస్సింగ్ లేకుండా లాగుతోందా చూడాలి. గొంతులో నీళ్లు పడ్డట్టు గులగులలాడితే పెట్రోలు ఎక్కువైనట్టు, ఒక సైజు వెనక్కి రావాలి. తర్వాత స్లైడుకి వేలాడే సూది, నీడిల్: పావు నుంచి ముప్పావు దాకా. క్లిప్పు ఒక గాడి కిందికి దింపితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. గాడులు లేని నీడిల్ అయితే కింద అర మిల్లీమీటరు వాషరు ఒకటి వేస్తారు. చివర్న స్లో జెట్ స్క్రూ, ఇంజన్ బాగా వేడెక్కాకే. ప్లగ్గు రంగు చూసేవాళ్లు ఫుల్ యాక్సిలరేటర్‌లో ఉండగానే కిల్ స్విచ్ నొక్కి, వెంటనే క్లచ్ పట్టి, బండి ఆపుకుని విప్పాలి. ఐడిలింగ్‌లో పెట్టుకుంటూ ఇంటికొచ్చి విప్పిన ప్లగ్గు చూపించేది ఐడిలింగ్ రంగే.

ఎఫ్ఐ బళ్లు

ఎఫ్ఐ అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్, కార్బొరేటర్ బదులు కంప్యూటరు కొలిచి పెట్రోలు చిమ్మించే పద్ధతి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బళ్లలో దాదాపు అన్నీ ఇవే. "ఎఫ్ఐ కదా, అదే సర్దుకుంటుంది" అన్నది సగం నిజం. ఈ బళ్లకి లోపలికి వచ్చే గాలిని నేరుగా తూచే సెన్సర్ ఉండదు. యాక్సిలరేటర్ ఎంత తెరిచారు, ఆర్పీఎం ఎంత, మ్యానిఫోల్డ్‌లో పీడనం ఎంత, గాలి వేడి ఎంత అన్నవి చూసి, కంపెనీ ముందే రాసి పెట్టిన పట్టికలోంచి పెట్రోలు లెక్క తీస్తుంది. సమవేగంలో సైలెన్సర్‌లో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ తప్పు చూపిస్తే సర్దుతుంది. అక్కడ సర్దేది కూడా కంపెనీ పెట్టిన గీత దగ్గరికే, పవర్ వైపు కాదు. ఫుల్ యాక్సిలరేటర్‌లో ఆ సెన్సర్ మాట వినకుండా పట్టికే నమ్ముకుంటుంది, అంటే మనం ఏ చోట పవర్ ఆశించి ఫిల్టరు మార్చామో సరిగ్గా ఆ చోట సర్దుబాటు లేదు. పట్టిక లెక్కని మార్చే పిగ్గీబ్యాక్ పరికరమో, ఈసీయూ (ఆ ఇంజన్ కంప్యూటరు) రీమ్యాపో లేకుండా ఎఫ్ఐ బండికి ఇంటేక్ మార్చడం సగం పని.

పల్చటి కాటన్ గుడ్డకు నూనె పట్టించి వాడే ఫిల్టర్లకి ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. నూనె ఎక్కువైతే అది కారి థ్రాటిల్ బాడీకీ (గాలిదారిని తెరిచి మూసే భాగం), సెన్సర్ మూతికీ పడుతుంది. ఐడిలింగ్ పైకీ కిందకీ ఊగడం మొదలవుతుంది. కడిగాక నీడన పూర్తిగా ఆరనిచ్చి, మడత మడతకీ సన్నగా ఒక గీత మాత్రమే నూనె వేసి, 20 నిమిషాలు వదిలి, తెల్లగా మిగిలిన చోట మాత్రం మళ్లీ అద్దాలి.

మన మట్టి

ఈ చర్చ బెంగళూరు ఫ్లైఓవర్ మీద ఒకలా ఉంటుంది, వంశధార, నాగావళి ఇసుక రేవుల దారిలో టిప్పర్ వెనక వెళ్తున్నప్పుడు ఇంకోలా ఉంటుంది. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలు, గరివిడి చుట్టూ మాంగనీసు మట్టి, కోతలయ్యాక రోడ్ల మీదే నూర్చే వరి నుంచి లేచే పొట్టు, మిగతాచోట్ల ఎర్రమట్టి. గ్రానైట్ ధూళిలో, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ సిలిండర్ ఇనుము కన్నా గట్టిది. కంటికి ఆనని ఆ నలుసులు పిస్టన్ మొదటి రింగుకీ, బోరుకీ (సిలిండర్ లోపలి గోడ) మధ్య నూనెలో కలిసి గ్రైండింగ్ పేస్టులా పనిచేస్తాయి. నష్టం మొదటి రోజు తెలియదు. ఆయిల్ గేజీ తీసిన ప్రతిసారీ మట్టం తగ్గుతుంది, తర్వాత పొద్దున స్టార్ట్ చేయగానే నీలిపొగ, ఆ తర్వాత బోరింగ్ షాపు.

ఎంత ధూళి అన్నది చూద్దాం. 1 లీటరు పెట్రోలు కాలడానికి సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. లీటరుకి 50 కిలోమీటర్లు ఇచ్చే బండి 10,000 కిలోమీటర్లలో 200 లీటర్లు తాగుతుంది, అంటే 1,800 ఘనమీటర్ల గాలి. ఘనమీటరులో 10 మిల్లీగ్రాముల ధూళి ఉందనుకుంటే 18 గ్రాములు, అర గుప్పెడు మట్టి. 99.5 శాతం ఆపే ఫిల్టరు 0.09 గ్రాములు వదులుతుంది. 98 శాతం ఆపేది 0.36 గ్రాములు. చెప్పడానికి శాతాలు పక్కపక్కనే ఉన్నాయి, బోరులోకి వెళ్లేది నాలుగింతలు. ఎక్కువ గాలి వదిలే ఫిల్టరుకి కన్నాలు పెద్దవి, సన్న ధూళి విషయంలో మంచి కాగితంతో అది పోటీ పడదు.

వాన సంగతి చెప్పుకోవాలి. కంప్రెషన్ నిష్పత్తి 9.5 ఉన్న 150 సీసీ ఇంజన్‌లో పిస్టన్ పైకి వచ్చాక మిగిలే జాగా 18 మిల్లీలీటర్లు, నాలుగు టీ చెంచాలు కూడా కాదు. అన్ని నీళ్లు ఒక్క గుటకలో లోపలికి పోతే నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. అక్టోబరు, నవంబరు తుఫాన్లకి కాజ్‌వేల మీద నీళ్లు పారుతున్నప్పుడు సీటు కింద ముక్కున్న డబ్బాకీ, మోకాలి కింద తెరిచి ఉన్న కోన్ ఫిల్టరుకీ ఉన్న తేడా అది.

స్టాక్ (కంపెనీ) ఫిల్టరే ఉంచేవాళ్లు చేయాల్సింది

తెల్ల గుడ్డ పరీక్ష అన్నిటికన్నా ముందు. ఫిల్టరు తీసి, శుభ్రమైన గది లోపలా, రబ్బరు మెడ లోపలా తడి తెల్ల గుడ్డ తిప్పండి. గుడ్డ తెల్లగానే వస్తే ఫిల్టరు పని చేస్తోంది. ఎర్రగా వస్తే చాలాసార్లు తప్పు ఫిల్టరు కాగితానిది కాదు, అంచు సీలుది, పక్కనుంచి మట్టి దూరుతోంది: పెదవి మడతపడింది, లేదా డబ్బా మూత స్క్రూ ఒకటి లేదు, లేదా మెడ పగిలింది. పెదవి చుట్టూ పల్చగా గ్రీజు రాసి కూర్చోబెట్టడం పది రూపాయల పని, వెయ్యి రూపాయల ఫిల్టరు చేయలేని పని.

కాగితం ఫిల్టర్లలో రెండు రకాలున్నాయి. పొడి కాగితాన్ని లోపలి నుంచి బయటికి, 30 పీఎస్ఐ మించకుండా, జానెడు దూరం నుంచి ఊదవచ్చు. పంక్చర్ షాపు కంప్రెసర్‌ని నేరుగా మూతికి పెట్టి ఊదితే కాగితంలో సూది కన్నాలు పడతాయి. చీకట్లో లోపల ఫోను టార్చి పెట్టి తిప్పితే చుక్కల్లా మెరుస్తాయి. మెరిస్తే పారేయడమే. ముట్టుకుంటే జిడ్డుగా ఉండే రెండో రకాన్ని ఊదకూడదు, కడగకూడదు, మార్చాలి. స్పాంజి రకం అయితే కిరసనాయిలులో నొక్కి కడిగి, నీడన ఆరబెట్టి, 80-90 గేరాయిల్‌లో ముంచి, అరచేతుల మధ్య నొక్కి పిండాలి. బట్టలు పిండినట్టు మెలిపెడితే చిరిగిపోతుంది. పెట్రోలుతో కడిగితే అతుకులు ఊడతాయి. యూజర్ మాన్యువల్ ఇచ్చే కిలోమీటర్లు మామూలు రోడ్డుకి. క్వారీ దారిలో తిరిగే బండికి అందులో సగం పెట్టుకోవాలి. డబ్బా అడుగున వేలాడే డ్రైన్ గొట్టాన్ని వానాకాలంలో వారానికోసారి నొక్కి చూడటం మరిచిపోవద్దు.

అయినా మార్చాలనుకునేవాళ్లకి

పెద్ద బోరు, వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచే క్యామ్, ఫ్రీ సైలెన్సర్ పెట్టిన బండికి స్టాక్ డబ్బా నిజంగానే ఇరుకవుతుంది. అది కూడా లెవెల్ పైపే చెప్తుంది. అప్పుడు కూడా డబ్బా ఉంచి, అందులో పట్టే మంచి ఫిల్టరు వేసి, ముక్కు వెడల్పు చేసుకోవడం ముందు మెట్టు. మూతకి కన్నాలు కొట్టాలంటే సెకండ్ హ్యాండ్ మూత ఒకటి కొని దానికి కొట్టండి. కోన్ ఫిల్టరే కావాలంటే దానికి వాన తొడుగు, రబ్బరు మెడకి మంచి క్లాంపు తప్పనిసరి. కళింగపట్నం, నౌపడ వైపు ఉప్పు గాలికి చవక క్లాంపు ఒక్క వానాకాలంలో తుప్పెక్కి వదులవుతుంది.

డబ్బా పీకేటప్పుడు దానికి తగిలిన రెండు పైపుల్ని గాల్లో వదిలేయడం అలవాటుగా జరిగే తప్పు. క్రాంక్ కేస్ (ఇంజన్ అడుగు గది) నుంచి వచ్చే బ్రీదర్ పైపు చైను పక్కన వేలాడితే పిస్టన్ పైకి వెళ్లిన ప్రతిసారీ రోడ్డు మట్టినీ, నీళ్లనీ నేరుగా ఇంజన్ ఆయిల్‌లోకి లాగుతుంది. దానికి చిన్న బ్రీదర్ ఫిల్టరు పెట్టి సీటు కింద పైకి కట్టాలి. సెకండరీ ఎయిర్ పైపుకీ, అంటే మొదట్లో చెప్పిన ఆ హెడ్డు వైపు వెళ్లే సన్న పైపుకీ, చిన్న ఫిల్టరు కావాలి. అది మూసేస్తే పొల్యూషన్ పరీక్షలో తేడా వస్తుంది. పొగ, శబ్దం పరిమితి దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉంటాయి. వారంటీలో ఉన్న బండికి ఇంజన్ పని పడితే షోరూమువాళ్లు ముందు చూసేది ఫిల్టరు డబ్బానే.

బిగించాక మొదటి 500 కిలోమీటర్లకి అదే తెల్ల గుడ్డ పరీక్ష, ఈసారి కోన్ ఫిల్టరు లోపలి వైపు. ఎర్రగా వస్తే విప్పిన డబ్బాని వెనక్కి బిగించాల్సి ఉంటుంది. అందుకే దాని స్క్రూలు, రబ్బరు మెడ, ముక్కు ఒక సంచిలో వేసి అటక మీద పెట్టుకోండి. పాత సామాన్ల వాడికి తూకానికి వేసేయకండి.